హన్మకొండ నుంచి ఉప్పల్ దాకా ఒకటే ఆల్బమ్: ‘హౌ ద వెస్ట్ వాజ్ వన్’తో నా ఇరవై ఏళ్లు

హన్మకొండలో కారు తీసేటప్పుడు మొదటి పాట పెడితే, ఆఖరి పాట అయిపోయేసరికి ఉప్పల్ దగ్గర ఉంటాం. మధ్యలో చాయ్‌కి ఆగకపోతేనే. మూడు సీడీలు, 18 ట్రాకులు, మొత్తం రెండున్నర గంటలు. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ 1972లో ఇచ్చిన రెండు కచేరీల టేపుల నుంచి తయారుచేసి 2003లో విడుదల చేసిన లైవ్ ఆల్బమ్ ‘హౌ ద వెస్ట్ వాజ్ వన్’. ఇరవై ఏళ్లకు పైగా వింటున్నాను. ఇన్నేళ్లలో ఇందులో నాకు ఇష్టమైన పాటలు మారాయి, దాటేసే పాటలు మారాయి, వినే మెషిన్ ఐదారుసార్లు మారింది. ఆల్బమ్ మాత్రం ఇంట్లోంచి పోలేదు.

ఇది నా దగ్గరికి రావడానికి కారణం నా స్నేహితురాలి నాన్న. కాజీపేట లోకో షెడ్‌లో పనిచేసేవారు, రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లు. ఆదివారం ఫాతిమానగర్ చర్చిలో గిటార్ వాయించేవారు. మేమంతా అంకుల్ అనేవాళ్లం. ఆయన దగ్గర జెప్పెలిన్ పాత లైవ్ ఆల్బమ్ ‘ద సాంగ్ రిమెయిన్స్ ద సేమ్’ క్యాసెట్ ఉండేది. 1973లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రికార్డు చేసి 1976లో విడుదల చేసినది. బ్యాండ్ ఉన్నన్నాళ్లూ అధికారికంగా వచ్చిన లైవ్ ఆల్బమ్ అదొక్కటే. టేపు అరిగి, పాట మధ్యలో గొంతు కుంగిపోయేది. అంకుల్ అది విన్న ప్రతిసారీ ఒకటే మాట చెప్పేవారు: “ఇది వాళ్ల మంచి రోజు కాదమ్మా. మంచి రోజు టేపులు యాడనో పెట్టెల ఉన్నయి. ఎప్పటికైనా బయటికొస్తయి.”

1997లో బీబీసీ రికార్డింగులు వచ్చాయి. అంకుల్ సంతోషించారు కానీ ఆయన అడిగేది అవి కాదు. అమెరికాలో 1972 ఎండాకాలం కచేరీలు కావాలి. అందులో ఒక రాత్రిని జనంలో కూర్చున్న ఎవరో దొంగచాటుగా రికార్డు చేసుకున్న టేపు ప్రపంచమంతా అభిమానుల చేతుల్లో తిరుగుతోందని ఆయన చదివారు. వినలేదు. వినని కచేరీ గురించి మనిషి అన్నేళ్లు ఎలా మాట్లాడగలడో అని నాకు అప్పట్లో ఆశ్చర్యంగా ఉండేది.

2003 మేలో పేపర్లో చిన్న వార్త వచ్చింది. ఆ సాయంత్రమే అంకుల్ హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక నెట్ సెంటర్‌కి వెళ్లి, పాటల పేర్లు, ఒక్కో పాట ఎన్ని నిమిషాలో, అన్నీ ఒక పాత కాగితం వెనక పెన్నుతో రాసుకొచ్చారు. ‘డేజ్డ్ అండ్ కన్ఫ్యూజ్డ్’ ఎదురుగా 25 నిమిషాల 25 సెకన్లు అని రాసి చుట్టూ రెండుసార్లు గీత గీశారు. ఆ కాగితం ఇప్పటికీ నా సీడీ పెట్టెలోనే ఉంది. 1980లోనే ఆగిపోయిన బ్యాండ్, ఇరవై మూడేళ్ల తర్వాత పాత టేపులు విడుదల చేస్తే అమెరికాలో మొదటి వారమే బిల్‌బోర్డ్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. కాజీపేటలో మేం మాత్రం ఏడు నెలలు ఆగాం. ఆస్ట్రేలియాలో ఉండే అంకుల్ తమ్ముడు క్రిస్మస్‌కి వస్తూ తెచ్చారు.

ఆ రాత్రి ఆరుగురం కూర్చున్నాం. మొదట 14 సెకన్లు ఒక హోరు, తంబురా శ్రుతి పెట్టినట్టు. దానికి ‘ఎల్ఏ డ్రోన్’ అని పేరు కూడా పెట్టారు. ఆ వెంటనే డ్రమ్స్, ‘ఇమిగ్రెంట్ సాంగ్’. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ ఆ మొదటి కేక వేసినప్పుడు అంకుల్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఆ పాట ఆగీ ఆగకముందే ‘హార్ట్‌బ్రేకర్’ మొదలైంది. అది అయ్యాక అంకుల్ సీడీ ఆపి, మళ్లీ మొదటికి పెట్టారు. ఎవరూ వద్దనలేదు. రెండో సీడీ మాత్రం అన్నం తిన్నాకే అన్నారు, ఎంత అడిగినా పెట్టలేదు.

ఆ రెండు కచేరీలు 1972 జూన్ 25న లాస్ ఏంజెలెస్ ఫోరమ్‌లో, 27న లాంగ్ బీచ్ అరీనాలో జరిగాయి. అప్పటికి ప్లాంట్‌కి 23 ఏళ్లు, డ్రమ్మర్ జాన్ బోన్‌హమ్‌కి 24, బేస్ గిటార్ వాయించే జాన్ పాల్ జోన్స్‌కి 26, అందరిలో పెద్ద గిటారిస్టు జిమ్మీ పేజ్‌కి 28. తర్వాతి సంవత్సరాల్లో ప్లాంట్ గొంతు పై స్థాయికి ఇంత సులువుగా వెళ్లలేదు. ‘సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ’లో ఆ ఎనిమిది నిమిషాలూ వినండి, 1976 ఆల్బమ్‌కి 2007లో వచ్చిన కొత్త ముద్రణలో అదే పాట పక్కన పెట్టి వినండి. అంకుల్ ‘మంచి రోజు’ అన్న మాటకు అర్థం అక్కడ తెలుస్తుంది.

ఇంకో సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. ‘ఓవర్ ద హిల్స్ అండ్ ఫార్ అవే’, ‘డాన్సింగ్ డేస్’, ‘ది ఓషన్’ ఈ మూడూ ఉన్న స్టూడియో ఆల్బమ్ విడుదలైంది 1973 మార్చిలో. అంటే ఆ రాత్రి హాల్లో ఉన్న జనం ఆ పాటల్ని రికార్డు మీద అసలు విని ఉండరు. మనం ఇప్పుడు పాట మొదలవగానే గుర్తుపట్టి ఊగుతాం. వాళ్లకు ఆ అవకాశం లేదు. అది తెలిశాక ఆ మూడు పాటలూ నేను వినే పద్ధతే మారింది. తెలియని పాటతో వేలమందిని పట్టి ఉంచడానికి వాళ్లు ఎంత బలంగా వాయిస్తున్నారో వినిపిస్తుంది. మూడో సీడీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది నాలుగు నిమిషాల ‘ది ఓషన్’.

కారులో వెళ్తే జనగామ వచ్చేసరికి రెండో సీడీ మొదలవుతుంది. ఈ ఆల్బమ్‌కి ప్రాణం అక్కడుంది.

‘డేజ్డ్ అండ్ కన్ఫ్యూజ్డ్’ స్టూడియోలో ఆరున్నర నిమిషాల పాట. ఇక్కడ 25 నిమిషాలు. పేజ్ వయొలిన్ కమాను తీసి గిటార్ తీగల మీద లాగుతాడు, ప్లాంట్ గొంతుతో ఆ ధ్వనికి జవాబిస్తాడు, మధ్యలో వేరే పాటల ముక్కలు వచ్చి పోతాయి, ఒక్కోచోట పాట ఎక్కడ మొదలైందో మరిచిపోతాం. మొదటిసారి మా ఇంట్లో పెట్టినప్పుడు అమ్మ వంటింట్లోంచి వచ్చి, “ఇది పాటనా, ఒగ్గు కథనా బిడ్డా? ఎప్పుడొడుస్తది?” అని అడిగింది. మా అమ్మమ్మ వాళ్లది జనగామ వైపు. చుక్క సత్తయ్య గారు కథ చెప్తుంటే అమ్మ ఎదురుగా కూర్చుని విన్న మనిషి. ఆమెకు ఒక్క ఇంగ్లిష్ మాట అర్థం కాకపోయినా విషయం అర్థమైంది. కాసేపు నిలబడి విని, “ఆయన గుంజుతుంటే ఈయన అందుకుంటున్నడు” అంది.

అదే నిజం. ఒగ్గు కథలో కథ అందరికీ తెలిసిందే. మల్లన్న కథ తెలియనివాళ్లు మా వైపు ఎవరున్నారు? అయినా రాత్రంతా కూర్చుంటారు. కథకుడు ఈ ఊళ్లో ఈ రాత్రి ఎక్కడ ఆపుతాడు, ఎక్కడ సాగదీస్తాడు, పక్కవాడు మాట ఎలా అందుకుంటాడు, డోలు ఎప్పుడు లేస్తుంది, అందుకోసం కూర్చుంటారు. అమ్మ ఆ మాట అన్న తర్వాత నేను ఈ పాటలో పేజ్ ఒక్కడినే వినడం మానేశాను. జోన్స్ బేస్ విన్నాను. పైన ముగ్గురు ఎటు వెళ్లినా కింద నేల కదలకుండా పట్టుకున్నది ఆయనే. ఫోన్ స్పీకర్లో ఇది వినపడనే వినపడదు. చిన్నదైనా సరే, బేస్ పలికే స్పీకరు ఉండాలి.

‘మోబీ డిక్’ని మాత్రం చాలా ఏళ్లు దాటేశాను. 19 నిమిషాల్లో ఎక్కువ భాగం డ్రమ్స్ ఒక్కటే. ఎందుకంతసేపు అనిపించేది. ఒక సంక్రాంతికి అయినవోలు మల్లన్న జాతరకు వెళ్లాం. జనంలో నెట్టుకుంటూ డోలు వాయించేవాళ్లకు చేయి చాపితే అందేంత దగ్గరికి వెళ్లి ఇరుక్కుపోయాను. అరగంట అక్కడే. చర్మం మీద దెబ్బ పడ్డాక ఆ శబ్దం ఆగేలోపు రెండో దెబ్బ ఎప్పుడు పడాలో వాళ్లకు తెలుసు. వేగం కన్నా ఆ ఎడం ముఖ్యమని నా ఒంటికి తెలిసింది. ఇంటికొచ్చి ‘మోబీ డిక్’ పెట్టాను. బోన్‌హమ్ పుల్లలు పక్కన పడేసి ఉత్త చేతులతో వాయించే చోట, అరచేతి దెబ్బ, వేళ్ల దెబ్బ విడివిడిగా వినిపించాయి. అప్పటిదాకా నాకవన్నీ ఒకే చప్పుడు. కుడి కాలితో ఒక్క పెడల్ మీద ఆయన అన్ని దెబ్బలు ఎలా వేస్తాడో ఇప్పటికీ అంతుబట్టదు. ఆలేరు దాటాక ఎప్పుడో మొదలై, భువనగిరి గుట్ట కనిపించి వెనక్కి పోయేదాకా నడుస్తుంది. ఇప్పుడు అది వస్తుంటే కారులో ఎవరినీ మాట్లాడనివ్వను. 32 ఏళ్లకే పోయాడు ఆ మనిషి.

మొదటి సీడీ చివర మూడు పాటలు కూర్చుని వాయించినవి. ‘గోయింగ్ టు కాలిఫోర్నియా’ అమ్మకు ఇష్టం, జోన్స్ మాండొలిన్ వల్ల. ‘స్టెయిర్‌వే టు హెవెన్’ బాగుంటుంది, అందరికీ తెలిసిందే. మూడో సీడీలో ‘హోల్ లొటా లవ్’ 23 నిమిషాలు, మధ్యలో పాత రాక్ అండ్ రోల్, బ్లూస్ పాటల దండ. నలుగురు కలిసి కూర్చుంటే సంబరంగా ఉంటుంది. ఒంటరిగా వింటే సగంలో నా మనసు పక్కకు పోతుంది. ఇరవై ఏళ్లుగా ఇదే పరిస్థితి, ఇక మారదనుకుంటాను.

నాకు నిజంగా బాధ కలిగించేది ఒకటుంది. ఇది ఒక రాత్రి కచేరీ కాదు. పేజ్ రెండు రాత్రుల్లోంచి బాగా వచ్చినవి ఏరి, ఒకే కచేరీ అనిపించేలా అతికించాడు. ఒకే పాటలో కూడా రెండు రాత్రుల ముక్కలున్నాయి. ఆ రాత్రులు వాయించినవన్నీ ఇందులో లేవు. అతుకు ఎక్కడుందో నా చెవికి అందదు, అంత నేర్పుగా చేశారు. అయినా మల్లన్న కథను ఒక ఊళ్లో సగం, ఇంకో ఊళ్లో సగం రికార్డు చేసి కలిపితే ఒప్పుకుంటామా? ఒక రాత్రి పూర్తిగా, తప్పులతో సహా వినాలని ఉంది. అంకుల్‌తో ఈ విషయంలో నాకు ఎప్పుడూ గొడవే. ముప్ఫై ఒక్క ఏళ్లు పెట్టెలో ఉన్నది చేతికొస్తే అతుకులు వెతుకుతావా అంటారు.

కొనాలనుకునేవాళ్లకు ఇంకొన్ని మాటలు. నా హాస్టల్ రోజుల్లో దీన్ని ఎంపీ3 చేసుకుని విన్నాను. అది పెద్ద పొరపాటు. ‘ఇమిగ్రెంట్ సాంగ్’కీ ‘హార్ట్‌బ్రేకర్’కీ మధ్య అర సెకను నిశ్శబ్దం వచ్చి ఊపంతా పోయేది. డ్రమ్స్ పక్కనుండే ఇత్తడి తాళాలు, సింబల్స్, ఇసుక పోసినట్టు వినిపించేవి. ఫోన్‌లో వింటే పాటల మధ్య ఖాళీ రాకుండా ఉండే సెట్టింగ్ తప్పకుండా పెట్టుకోండి. 2018లో సరిచేసి మళ్లీ విడుదల చేశారు. నేను కారులో వినేది అదే. ఇంట్లో మాత్రం అంకుల్ సీడీలే. 2011లో ఆయన క్వార్టర్స్ ఖాళీ చేసి కూతురి దగ్గరికి బెంగళూరు వెళ్తూ ఆ సెట్ నా చేతిలో పెట్టారు. రెండో సీడీ మీద గీత పడి, కమాను వాయించే చోట ఒక్కసారి తడబడుతుంది. కొత్త కాపీలో ఆ తడబాటు లేకపోతే నాకే ఏదో లోటుగా ఉంటుంది.

అంకుల్ ఇంకా ఆగలేదు. ఇదే 1972లో పేజ్, ప్లాంట్ బొంబాయి వచ్చి అక్కడి సంగీతకారులతో ‘ఫ్రెండ్స్’, ‘ఫోర్ స్టిక్స్’ రికార్డు చేశారు. ఆ టేపులు 2015లో ‘కోడా’ ఆల్బమ్ కొత్త ముద్రణతో బయటికొచ్చాయి. ఆ రోజు పొద్దున్నే ఫోన్ చేసి, “చెప్పిన్నా లేదా? పెట్టెల ఉన్నయని చెప్పిన్నా లేదా?” అని ఒకటే అరుపు. ఇప్పుడు ఆయన కళ్లన్నీ 1971 సెప్టెంబర్‌లో జపాన్‌లోని ఒసాకాలో ఇచ్చిన కచేరీల మీద ఉన్నాయి. ఆ కచేరీల పాటల పేర్లు అప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నారట. నేనెప్పుడు ఫోన్ చేసినా, ఎట్లున్నవ్ అని అడగకముందే అడిగేది అదే: “ఒసాకా టేపుల సంగతేమన్న తెలిసిందా అమ్మా?”