ఓస్లోలో రెండు రోజులు, ఒక సిటీ టికెట్టు

నార్వే రాజధాని ఓస్లోలో నాకు దండగనిపించిన ఖర్చులన్నీ ఓస్లోలో చేసినవి కావు. వారం ముందే బెర్లిన్‌లో నా గదిలో కూర్చుని, మొదటిసారి ఒంటరిగా వెళ్తున్నానన్న టెన్షన్‌లో, ఫోన్‌లో కనబడిందల్లా బుక్ చేసేసినవి. తీరా వెళ్ళాక బాగా నచ్చినవాటిలో సగం ఉచితం, మిగతావి చాలావరకు మామూలు సిటీ టికెట్టుతో అయిపోయేవి.

నిజానికి ముగ్గురం వెళ్ళాలి. ఆఖరి వారంలో ఒకమ్మాయికి ఆఫీసులో రిలీజు పడింది, ఇంకొకమ్మాయికి ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు. నా విమానం టికెట్టు డబ్బు వెనక్కి రాదు. "ఒక్కదానివే ఏటే? ఆ ఊళ్ళో మనోళ్ళెవరైనా ఉన్నారా?" అని వైజాగ్ నుంచి అమ్మ. ఉండే ఉంటారు గానీ నాకెవరూ తెలీదన్నాను. జూన్ రెండో శుక్రవారం సాయంత్రం బయల్దేరాను. గంటన్నర ప్రయాణం. నార్వే యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా, ఒకే వీసాతో తిరగగలిగే షెంజెన్ దేశాల్లో ఉంది కాబట్టి పాస్‌పోర్టు, జర్మనీ రెసిడెన్స్ కార్డు చేతిలో ఉంటే చాలు, వేరే వీసా అక్కర్లేదు. నోట్లు మార్చుకోలేదు, అవసరమూ పడలేదు, అన్నిచోట్లా కార్డే. అక్కడి డబ్బు క్రోనరు, అప్పట్లో ఒక్కోటి ఎనిమిది తొమ్మిది రూపాయలు. మొదటి రోజంతా ప్రతి ధరనీ రూపాయల్లోకి మార్చి గుండెలు బాదుకున్నాను. రెండో రోజుకి ఆ లెక్క మానేశాను.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి రెండు రకాల రైళ్ళున్నాయి. ఫ్లైటోగెట్ అనే ఎక్స్‌ప్రెస్ 19 నిమిషాల్లో సెంట్రల్ స్టేషన్‌కి తీసుకెళ్తుంది. అదే పట్టాల మీద వెళ్ళే మామూలు రైలుకి ఇంకో ఐదారు నిమిషాలు ఎక్కువ, ధర మాత్రం సగం. పైగా ఆ టికెట్టు సిటీ రవాణా సంస్థ రూటర్ యాప్‌లో కొంటే, దాని టైము ఉన్నంతసేపు ఊళ్ళో ట్రాము కూడా ఎక్కొచ్చు. నేను ఎక్స్‌ప్రెస్ ముందే కొనేశాను. ఆ మిగిల్చిన ఐదు నిమిషాలూ స్టేషన్‌లో ఏ వైపు బయటికి వెళ్ళాలో తెలీక తిరగడానికి సరిపోయాయి.

మొదటి రాత్రి స్టేషన్‌కి దగ్గర్లో హాస్టల్, ఆడవాళ్ళ డార్మిటరీ. 480 క్రోనర్లు చూసి చవకనుకున్నాను. దుప్పటికి విడిగా, తువ్వాలుకి విడిగా, టిఫిన్ లేదు. గది శుభ్రంగానే ఉంది, తాళం బాగానే పడింది. అసలు తంటా కిటికీకి వేసిన పల్చటి తెరతో వచ్చింది. జూన్‌లో అక్కడ రాత్రి పదిన్నర దాటితేగానీ సూర్యుడు అస్తమించడు, మళ్ళీ నాలుగు కొట్టకముందే తయారు. నడిరాత్రి కూడా ఆకాశం పూర్తిగా నల్లబడదు. మూడింటికే లేచి కూర్చున్నాను. అవతలి మంచం అమ్మాయి కళ్ళకి గంతలు కట్టుకుని హాయిగా గుర్రుపెడుతోంది. మీరు ఎండాకాలంలో వెళ్తే గొడుగు మర్చిపోయినా పర్లేదు, కళ్ళకి కట్టుకునే ఆ గుడ్డ మర్చిపోకండి.

రెండో రాత్రి గ్రోన్‌లాండ్ అనే పేట వైపు ఒక చిన్న హోటల్. ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళు దిగేది, వారాంతం కాబట్టి ఒక్కరికి సరిపోయే గది 1,050 క్రోనర్లకి దొరికింది. మంచానికీ గోడకీ మధ్య సూట్‌కేసు తెరవడానికి చోటు లేదు. కానీ తెరలు నల్లటివి, దళసరివి. పొద్దున్న టిఫిన్‌కి నాలుగు రకాల రొట్టెలు, గుడ్లు, ఊరేసిన హెర్రింగ్ చేప, వాఫుల్స్, బెల్లం రంగులో ఉండే బ్రూనోస్ట్ అనే చీజు. ఆ చీజు మొదటి ముక్కకి పాలకోవా మాడినట్టనిపించింది, మూడో ముక్కకి అలవాటైంది. మధ్యాహ్నం దాకా ఆకలి లేదు. హాస్టల్లో అదనంగా కట్టినవీ, బయట తిన్న టిఫినూ కలుపుకుంటే రెండిటికీ తేడా మూడొందల క్రోనర్లు. నిద్ర ఖరీదు దానికంటే ఎక్కువే.

శనివారం పొద్దున్న ముందే బుక్ చేసుకున్న రెండు గంటల ఫ్యోర్డ్ విహారం, అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో పడవ షికారు. ఆ కంపెనీ పేరెందుకు గానీ, డెక్కు మీద జనం భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు, చెవిలో పెట్టుకోమన్న యంత్రం ఒక ద్వీపం వెనకబడి చెప్పింది. అది ఎర్ర ఇళ్ళ గురించి చెప్తుంటే ముందు లైట్‌హౌసు కనబడుతోంది. సముద్రం మాత్రం బాగుంది. ఆర్.కె. బీచ్ హోరు అలవాటైన నాకు అది చెరువులా అనిపించింది. ఎంత నిదానమంటే, పడవ వెళ్ళిపోయిన చాలాసేపటికి గానీ అల వచ్చి ఒడ్డున తాకదు.

అదే సాయంత్రం సిటీ హాల్ ముందు రేవులోంచి బయల్దేరే ద్వీపాల ఫెర్రీ ఎక్కాను. ట్రాముకీ మెట్రోకీ పనిచేసే టికెట్టే దీనికీ; నేను వెళ్ళినప్పుడు 24 గంటలది నూట ముప్పై క్రోనర్లకి కాస్త అటూ ఇటూ. పొద్దున్న దానికి నాలుగింతలు పోసి చూసిన ద్వీపాలే ఇవీనూ. తేడా ఏమిటంటే ఇక్కడ దిగొచ్చు. పది నిమిషాలు కూడా పట్టకుండా హోవెడోయా ద్వీపం వచ్చింది. 1147లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన సిస్టర్షియన్ అనే శాఖకి చెందిన క్రైస్తవ సన్యాసులు కట్టిన మఠం రాళ్ళు గడ్డిలో మిగిలున్నాయి; 1532లో దాన్ని దోచి తగలబెట్టారు. ఆ గోడల మధ్య ఎవరో పిల్లాడి పుట్టినరోజు చేస్తున్నారు. మళ్ళీ ఫెర్రీలో లిండోయా దాకా వెళ్ళాను. అక్కడ ఎర్రవీ పచ్చవీ పసుపువీ చిన్న చిన్న వేసవి ఇళ్ళు, ముందు బట్టలారేసిన తాళ్ళు. పడవలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్ళో బంతిపూల లాంటి నారు పెట్టుకుని సంచిలో పాలూ రొట్టే తీసుకెళ్తోంది. వాళ్ళకిది మన సిటీ బస్సు. డేరా వేసుకుని రాత్రి ఉండాలంటే లాంగోయెనె ద్వీపానికి వెళ్ళాలి, హోవెడోయాలో ఉండనివ్వరు.

ఈ రెండు పడవల మధ్య తిన్న భోజనం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆ రేవులోనే రొయ్యల పడవలు ఆగుతాయి. రొయ్యల్ని సముద్రంలో ఉండగానే పడవ మీదే ఉడకబెట్టేసి, ఒడ్డుకొచ్చి సంచుల్లో అమ్ముతారు. మా ఫిషింగ్ హార్బర్‌లో బూడిద రంగు రొయ్యల్ని చూసి పెరిగినదాన్ని, గులాబీ రంగులో కుప్ప చూసి మొదట పాడైనవేమో అనుకున్నాను. అర కిలో తీసుకున్నాను. వలవడం వచ్చా అని అడిగాడు అమ్మే అతను. నవ్వొచ్చింది. రేవు అంచున చెక్క మీద కూర్చుని, తల తిప్పి లాగి, కాళ్ళ వైపు నుంచి పొట్టు విప్పి, తోక నొక్కితే మాంసం జారి వచ్చేస్తుంది. చిటికెన వేలంత ఉంటాయి, చల్లటి నీళ్ళవి కాబట్టేమో తియ్యగా ఉన్నాయి. ఉప్పు వాటిలోనే ఉంది. అందరూ తెల్ల రొట్టె, మయొనీజు, నిమ్మకాయతో తింటున్నారు. నా దగ్గర హ్యాండ్‌బ్యాగులో కరివేపాకు కారం పొట్లం ఉంది. పక్కనున్న జంట వాసనకి తిరిగి చూశారు, కాస్త ఇచ్చాను. ఆయనకి పొలమారింది, ఆవిడ ఇంకొంచెం అడిగింది. ఈలోపు సీగల్ ఒకటి నా రొట్టె ముక్క ఎత్తుకుపోయింది. ఆ ముందు రాత్రి రెస్టారెంటులో 270 క్రోనర్లు పెట్టి తాగిన చేపల సూపు దీని ముందు పాలు పోసిన గంజి.

అక్కణ్ణుంచి రెండడుగుల్లో నేషనల్ మ్యూజియం, 2022లో తెరిచిన కొత్త భవనం. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మూంక్ 1893లో రంగుల్లో వేసిన "ద స్క్రీమ్" ఇక్కడుంది. 1994లో ఇదే బొమ్మని పాత గ్యాలరీలోంచి ఎత్తుకెళ్తే మూడు నెలలకి దొరికింది. గుంపు తగ్గేదాకా ఆగి, పైన ఎడమ మూల చూడండి. సన్నటి పెన్సిల్ రాత ఉంటుంది: ఇది పిచ్చివాడు మాత్రమే వేయగలడు అని అర్థం. చూడవచ్చిన ఎవడో గీకాడని చాలాకాలం అనుకున్నారు. అది మూంక్ చేతిరాతేనని 2021లో మ్యూజియం తేల్చింది. నీటి ఒడ్డున బ్యోర్వికాలో పదమూడు అంతస్తుల మూంక్ మ్యూజియం వేరే ఉంది. చనిపోతూ ఊరికి రాసిచ్చిన బొమ్మలన్నీ అందులోనే. అక్కడ "స్క్రీమ్" మూడు రకాలున్నా, కాంతికి పాడవకుండా ఒక్కోసారి ఒక్కటే తెరుస్తారు. ఆదివారం దానికీ ముందే కొన్నాను కాబట్టి వెళ్ళాను. ఒకదానికే టైముంటే మాత్రం నేషనల్‌కే వెళ్ళమంటాను. మూంక్‌లో నాకు గుర్తున్నది పై అంతస్తు కిటికీలోంచి కనబడే ఫ్యోర్డు.

శనివారం రాత్రి పది దాటాక ఒపెరా హౌస్ పైకప్పు ఎక్కాను. నీళ్ళలోంచి లేచిన ర్యాంపులా ఉంటుంది, ఇటలీ నుంచి తెచ్చిన తెల్ల పాలరాయి. స్నోహెట్టా సంస్థ డిజైను, 2008లో తెరిచారు. టికెట్టు లేదు, గేటు లేదు, ఒంటరిగా ఉన్నానని ఎవరూ చూడలేదు కూడా. పదకొండింటికి అమ్మకి వీడియో కాల్ చేయలేను గానీ, ఆకాశం ఫొటో తీసి పంపాను. పొద్దున్న లేచి చూసి "ఇదేటి, సాయంత్రమా?" అని అడిగింది.

ఆదివారం ఓస్లోలో పెద్ద దుకాణాలు మూసేస్తారు. వంద చదరపు మీటర్ల లోపు చిన్న కిరాణాలు, స్టేషన్ షాపులు తెరిచుంటాయి. ఇది తెలీక బహుమతులు కొందామనుకున్నాను. దాంతో ఒపెరా పక్కనున్న డైక్‌మన్ లైబ్రరీలోకి దూరాను, మూడు గంటలు బయటికి రాలేదు. కుట్టుమిషన్లు, 3డి ప్రింటర్లు, వాలుకుర్చీలు, అన్నీ ఊరికే. పై అంతస్తులో చెక్కతో చేసిన చిన్న గుహలాంటి గది ఉంది. 2014 నుంచి ఏడాదికో రచయిత ఒక్కో రచన ఇస్తున్నారు. ఎవరూ చదవరు, గోడలోని గాజు సొరుగుల్లో పెట్టేస్తారు. 2114లో అచ్చు వేస్తారట. ఆ పుస్తకాలకి కావలసిన కాగితం కోసం ఊరి బయట అడవిలో వెయ్యి మొక్కలు నాటారు. బూట్లు విప్పి లోపల కూర్చున్నాను. ఓ తాతగారు, ఓ కాలేజీ కుర్రాడు, నేను. ముగ్గురం పది నిమిషాలు మాట్లాడుకోలేదు. చాలా సొరుగులు ఇంకా ఖాళీ.

గ్రోన్‌లాండ్‌లో చిన్న షాపులు తెరిచే ఉన్నాయి. 1970ల నుంచి స్థిరపడిన పాకిస్తానీ కుటుంబాలవి ఎక్కువ. కరివేపాకు, బెండకాయలు, పచ్చిమిర్చి, అన్నీ బెర్లిన్ కంటే తాజాగా. శాకాహారులు తిండి గురించి దిగులు పడక్కర్లేదు, ఈ వీధిలోకి వచ్చేయండి. పాతకాలపు వైకింగ్ నావికుల ఓడలు చూడ్డానికి వెళ్ళేవాళ్ళు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి: ఆ మ్యూజియం 2022లో పునర్నిర్మాణానికి మూసేశారు, టికెట్లు కొనేముందు చూసుకోండి.

తిరుగు ప్రయాణానికి మామూలు రైలే. స్టేషన్ షాపులో ఖాళీ సీసాలు తీసుకునే యంత్రం కనబడింది. అరలీటరు దాకా రెండు క్రోనర్లు, పెద్దదానికి మూడు. ఈ డబ్బు కొన్నప్పుడే మన దగ్గర పట్టుకుంటారు. కుళాయి నీళ్ళు బ్రహ్మాండంగా ఉంటాయని తెలీక మొదటి రోజు కొన్న రెండు సీసాలు బ్యాగులో ఉన్నాయి. లోపల వేస్తే రెండు బటన్లు వెలిగాయి: ఒకటి డబ్బుకి, ఇంకొకటి రెడ్ క్రాస్ లాటరీకి. లాటరీది నొక్కాను. ఏమీ తగల్లేదు.