బీఎంసీవెబ్: సర్వర్ యంత్రాన్ని దూరం నుంచి అదుపు చేసే చిన్న వెబ్ సర్వర్

సర్వర్ మదర్‌బోర్డు మీద ఉండే బేస్‌బోర్డ్ మేనేజ్‌మెంట్ కంట్రోలర్, అంటే బీఎంసీ, ప్రధాన ప్రాసెసర్ ఆగిపోయినా మేలుకునే ఉండి ఉష్ణోగ్రతలు చదువుతుంది, ఫ్యాన్ల వేగం సరిచేస్తుంది, యంత్రానికి కరెంటు ఆపి మళ్లీ ఇస్తుంది. ఈ అధికారమంతటినీ నెట్‌వర్క్ మీదుగా మన చేతికి అందించేది అందులోని వెబ్ సర్వరే. లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలోని ఓపెన్‌బీఎంసీ ప్రాజెక్టు ఇందుకోసం సీ++లో రూపొందించిన బీఎంసీవెబ్‌ను ఏఎస్‌టీ2600 చిప్ ఉన్న బోర్డు కోసం బిల్డ్ చేసి, కొన్ని నెలలుగా వాడుతున్నాను.

ఏ సౌకర్యం ఉండాలో, ఏది ఉండకూడదో కంపైల్ చేసేటప్పుడే తేల్చుకోవలసి రావడం ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. ఆ నిర్ణయాలన్నీ మీసన్ అనే బిల్డ్ సాధనానికి ఇచ్చే ఆప్షన్ల రూపంలో ఉంటాయి; వద్దనుకున్న భాగం తాలూకు కోడ్ ఫర్మ్‌వేర్‌లోకే చేరదు కనుక, తర్వాత ఎవరైనా పొరపాటున దాన్ని తెరిచే ప్రమాదం ఉండదు. లినక్స్‌లో ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీ-బస్‌ను నేరుగా బయటపెట్టే పాత రెస్ట్ ఇంటర్‌ఫేస్ డిఫాల్ట్‌గా మూసే ఉంటుంది. కేవీఎం (సర్వర్ తెర, కీబోర్డు, మౌస్‌లను దూరం నుంచి వాడే సౌకర్యం), వర్చువల్ మీడియా (మన దగ్గరి డిస్క్ ఫైలును సర్వర్‌కు తగిలించే సౌకర్యం) మాత్రం తెరిచే ఉంటాయి కాబట్టి, వాటితో పని లేని బోర్డులో మనమే గుర్తుపెట్టుకుని ఆపాలి. లాగిన్ తనిఖీని, ఎన్‌క్రిప్షన్‌ను తొలగించే ఆప్షన్ల పేర్లు ‘ఇన్‌సెక్యూర్’ అనే మాటతో మొదలవుతాయి. పరీక్ష కోసం పెట్టినది పొరపాటున మిగిలిపోయినా, రెసిపీ, అంటే బిల్డ్ సూచనల ఫైలు, చదివే మరొకరి కంట పడుతుంది. యంత్రం మొత్తం మీద పెత్తనం ఉన్న చోట ఇంత పట్టుదల ఉండి తీరాలని నా అభిప్రాయం.

అయితే చిన్న మార్పుకైనా ఫర్మ్‌వేర్‌ను మళ్లీ బిల్డ్ చేయాలి. మా ఫర్మ్‌వేర్ ఇమేజ్ ఫైలు 30 మెగాబైట్లు దాటిన రోజున అప్‌డేట్ ఆగిపోయింది. ఫ్లాష్ చిప్‌నూ, నెట్‌వర్క్‌నూ అనుమానిస్తూ ఒక పూట గడిపాక, బీఎంసీవెబ్‌కు పంపే ఒక్కో అభ్యర్థన పరిమాణానికి డిఫాల్ట్ హద్దు సరిగ్గా అంతేనని ఆప్షన్ల ఫైలులో కనిపించింది. ఫర్మ్‌వేర్‌ను బిల్డ్ చేసే యోక్టో వ్యవస్థలో, రెసిపీకి మార్పులు జోడించే బీబీఅపెండ్ ఫైలులో ఒక్క వరుస చేర్చితే సరిపోయింది. ఆ ఫైలును మొదటే పూర్తిగా చదివి ఉండవలసింది.

కంపైల్ బరువైన పని. సీ++ టెంప్లేట్లు (కంపైలర్ విస్తరించి రాసుకునే కోడ్ నమూనాలు) విస్తారంగా ఉన్నందున, కంపైల్ పనులను నడిపే నింజాకు సమాంతర పనుల సంఖ్య తగ్గించకపోతే తక్కువ మెమరీ ఉన్న కంప్యూటర్ ఇబ్బంది పడుతుంది. బోర్డు మీదికి ఎక్కించే ముందు బోర్డును కంప్యూటర్‌లోనే అనుకరించే క్యూఈఎంయూలో నడిపి చూసుకోవడం మంచిది.

వాడకంలో దీని ప్రవర్తన నిలకడగా ఉంది. కంప్యూటర్ నిర్వహణ ప్రమాణాలు రూపొందించే డీఎంటీఎఫ్ సంస్థ 2015లో విడుదల చేసిన, సర్వర్ల నిర్వహణకు ఉద్దేశించిన రెడ్‌ఫిష్ ప్రమాణాన్ని అనుసరిస్తుంది కనుక, బ్రౌజర్‌లో చూసిన సమాచారమే ప్రోగ్రాములు సులువుగా చదివే జేసన్ రూపంలో స్క్రిప్టుకూ అందుతుంది. పని ఒకే థ్రెడ్‌లో అసింక్రనస్‌గా, అంటే ఒక పని జవాబు కోసం ఆగకుండా మరో పని చూసుకుంటూ, సాగుతుంది. కానీ దాని వల్లే కోడ్‌లో కాల్‌బ్యాక్‌లు (జవాబు వచ్చాక నడిచే కోడ్ ముక్కలు) ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉండి, సొంత సెన్సర్ వివరాలు చేర్చబోయేవారికి చదవడం కష్టమవుతుంది. అలా చేర్చినప్పుడల్లా డీఎంటీఎఫ్ వారి ప్రమాణానికి తగ్గట్టు ఉందో లేదో చూసే రెడ్‌ఫిష్ వాలిడేటర్‌తో సరిచూసుకోవాలి.

ఎన్‌క్రిప్షన్‌కు కావలసిన సర్టిఫికెట్ లేకపోతే ఇది తానే సంతకం చేసుకున్న దాన్ని తయారుచేసుకుంటుంది. అది తొలి లాగిన్ వరకే పనికొస్తుందనుకుని, వెంటనే సంస్థ సర్టిఫికెట్‌తో మార్చాలి. సేవలను నడిపే సిస్టమ్‌డీ, డీ-బస్ ఉన్న లినక్స్ బోర్డులకు దీన్ని నిస్సందేహంగా సిఫారసు చేస్తాను. అవి లేని చిన్న మైక్రోకంట్రోలర్లకు ఇది సరిపడదు.