మా గ్రంథాలయం కొత్త కేటలాగు: ఒక ప్రూఫ్‌రీడర్ ఫిర్యాదు

ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దాను. అందుకే నేను వెళ్లే గ్రంథాలయంలో కార్డుల బీరువాలు తీసేసి కంప్యూటర్ కేటలాగు పెట్టిన రోజున, మొదట ‘గ్రంథాలయోద్యమం’ అని వెతికాను. సున్నా ఫలితాలు. అనుమానం వచ్చి, వేళ్లు మొరాయిస్తున్నా, ‘థ’ బదులు ‘ధ’ కొట్టాను. పదకొండు పుస్తకాలు వచ్చి వాలాయి! అట్టల మీద అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, నమోదు చేసిన చేతిలోనే మారిపోయాయి. కార్డుల కాలంలో ఇలాంటి తప్పు ఉన్నా, నాలుగు కార్డులు అటూ ఇటూ తిప్పితే కంటపడేది. యంత్రానికి ఆ పక్కచూపు లేదు.

ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు ప్రకటించారు. గణితం బోధిస్తూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన మనిషి. అందువల్లనేమో ఒక్కో సూత్రం ఒక్క వాక్యమే. పాఠకుడి సమయం ఆదా చేయాలన్న నాలుగో సూత్రానికి ఇక్కడ పూర్తి మార్కులు. ఇంటి నుంచే పుస్తకం రిజర్వు చేసుకోవచ్చు, గడువు దగ్గరపడితే ఫోనుకు సందేశం వస్తుంది, వరుసలో నిలబడే పని లేదు.

నా పేచీ మూడో సూత్రం దగ్గర. ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలి అంటుంది అది. ల్యాప్‌టాప్‌లతో వచ్చే విద్యార్థుల కోసం బల్లలు వేసి, సగం అరలను కింది గదికి దించారు. వాళ్లకు చోటు కావాలి, కాదనను. అయితే దిగిపోయిన వాటిలో 894.827 కూడా ఉంది. పుస్తకాలను విషయాలవారీగా అంకెలతో అమర్చే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యం సంఖ్య అది. ఇప్పుడు పేరు చెబితే తెచ్చిస్తారు. పేరే తెలియని పుస్తకాన్ని ఎలా అడగను? నాకు నచ్చిన రచయితల్లో సగం మంది, ఇంకెవరి కోసమో వెళ్లినప్పుడు పక్క అరలో తగిలినవాళ్లే. తిరిగి వచ్చిన పుస్తకాల బండిని మాత్రం సాయంత్రం దాకా కౌంటరు పక్కనే ఉంచుతారు. ఇప్పుడు నా చదువంతా ఆ బండి మీదే నడుస్తోంది.

ఈ-పుస్తకాల్లో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. నా కళ్లకు అది వరమే. కానీ ఒక నవలకు ఐదు వారాలు ఆగాను. లైసెన్సు ప్రకారం ఒకసారికి ఒక్కరే చదవాలట. కాగితం లేని పుస్తకానికీ ఈ మడి తప్పలేదు. అది ప్రచురణకర్తల షరతు కాబట్టి ఇందుకు మార్కులు కొయ్యడం లేదు. మొత్తం మీద ఐదింట మూడున్నర.

అక్షరదోషాల సంగతి చెబితే అక్కడి గ్రంథాలయాధికారి, ‘‘జాబితా రాసివ్వండి మేడమ్’’ అన్నారు. రెండు పేజీలు నింపి ఇచ్చాను. వారంలో సరిచేశారు. సంతోషంగా వెళ్లి చూస్తుంటే, పక్క కంప్యూటర్ దగ్గర ఒక కుర్రవాడు ‘గ్రంధాలయం’ అని కొట్టి, ఏమీ రాక లేచి వెళ్లబోతున్నాడు. అతన్ని ఆపి ‘థ’ చూపించాను. తరువాత కౌంటరు దగ్గరికి వెళ్లి, తప్పు రూపంతో వెతికినా పుస్తకం వచ్చేలా రెండూ ఉంచమని నా నోటితో నేనే అడిగాను.