జంతువుల బొమ్మలు చేయించడానికి ఏది మేలు: మట్టా, కాగితమా, మాస్కా?

"మా పాపకు జంతువుల బొమ్మలంటే పిచ్చి. ఏం కొనియ్యమంటరు మేడం, క్రేయాన్సా, క్లేనా?" నెలకు ఒక్కరైనా నన్ను ఈ మాట అడుగుతారు. హన్మకొండలో నాది గోడల మీద బొమ్మలు వేసే పని. బడులు, అంగన్‌వాడీలు, పిల్లల క్లినిక్కులు, ఎక్కడికి వెళ్లినా ఎక్కువగా అడిగేది జంతువులనే. ఆదివారం పొద్దున మా డాబా మీద పదిహేను మంది దాకా పిల్లలు చేరతారు. అక్కడ కూడా జంతువులే. అందుకే ఈ ప్రశ్నను నేను రెండు విధాలుగా ఆలోచించాల్సి వస్తుంది. పిల్లలకు ఏది మేలు? ఈ పని మీద బతికే నాకు ఏది మేలు? రెండింటికీ జవాబు ఒకటి కాదు.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకు మట్టిని మించింది లేదు. ఆ వయసు దాటాక కాగితం, పెన్సిలు మేలు, కాకపోతే కళ్ల ముందు నిజం జంతువు ఉండాలి. మాస్కు కూడా మంచిదే, కానీ దానికి వారం రోజుల తీరిక కావాలి.

ఐదేళ్ల పిల్లకు కాగితం ఇచ్చి మేకను గీయమనండి. పొట్టకు ఒక గుండ్రం గీస్తుంది. దాని కింద నాలుగు కాళ్లు దువ్వెన పళ్లలా వరుసగా దిగుతాయి. ముఖం మాత్రం మన వైపు తిరిగి మనిషిలా నవ్వుతుంటుంది. కడుపులో పిల్ల ఉందని చెబితే అది కూడా బయటికే కనిపిస్తుంది. ఇందులో తప్పేమీ లేదు. ఆ వయసు పిల్లలు కంటికి కనిపించినదాని కంటే తమకు తెలిసినదాన్ని గీస్తారు. మేకకు నాలుగు కాళ్లని తెలుసు కాబట్టి నాలుగూ గీస్తారు. పక్కన కూర్చుని "కాలు ఇట్లుండదు" అని దిద్దామంటే, మరుసటి వారం నుంచి "నువ్వే గీసియ్యి అక్కా" అని పెన్సిలు మన చేతికిచ్చేస్తారు. మొదటి రెండేళ్లు నేను ఈ పొరపాటు చాలాసార్లు చేశాను. ఒకరిద్దరు పిల్లలు ఆ తర్వాత గీయడమే మానేశారు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అదే పిల్ల చేతికి మట్టి ముద్ద ఇవ్వండి. కాళ్లన్నీ ఒకే వరుసలో పెడితే మేక పక్కకు పడిపోతుంది. లేపి పెడితే మళ్లీ పడుతుంది. మూడోసారికి తనంతట తానే రెండు కాళ్లు ఇటు, రెండు అటు జరుపుతుంది. తల బరువెక్కువైతే బొమ్మ ముందుకు తూలుతుంది. అప్పుడు మెడ కింద ఒక చిన్న ముద్ద ఆనిస్తుంది. ఇక్కడ దిద్దుతున్నది మట్టే. ప్రతిదానికీ ఆ పిల్ల నా ముఖం వైపు చూడనక్కర్లేదు. కాగితం మీద మేకను ఎలా గీసినా నిలబడుతుంది, మట్టిలో చేసిన మేక కుదిరితేనే నిలబడుతుంది. మట్టి మీద నాకు ఇంత నమ్మకం అందుకే.

మట్టికి మన దగ్గర కొరత లేదు. కాకతీయుల కాలం నుంచి చెరువుల మీద బతికిన ప్రాంతం ఇది. ఎండాకాలం చెరువు ఇంకినప్పుడు ఊరి నుంచి రెండు సంచులు తెప్పించుకుంటే నాకు ఏడాది గడుస్తుంది. అయితే ఉత్త నల్లరేగడి పనికిరాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే బాగా ముడుచుకుపోతుంది. చెవులు, తోక ముందు పగులుతాయి. జల్లెడ పట్టిన సన్న ఇసుక, కొంచెం ఊక కలిపి, ఒక రాత్రి నానబెట్టి, చపాతీ పిండిలా బాగా పిసికితే పగుళ్లు తగ్గుతాయి. కాళ్లు, కొమ్ములు అతికించే చోట పుల్లతో గీతలు గీకి, పలుచటి బురద పూసి నొక్కాలి. ఊరికే ఒత్తి పెడితే ఆరాక ఊడిపోతాయి. బొమ్మను ఎండలో పెట్టకూడదు. నీడలో, తడి గుడ్డ కప్పి మెల్లగా ఆరనివ్వాలి. కుమ్మరి దగ్గర కాల్పించాలనుకుంటే లోపల బోలుగా తీయాలి. మందంగా ఉంటే లోపలి తేమ ఆవిరై బొమ్మను పగలగొడుతుంది. దుకాణంలో దొరికే రంగురంగుల నూనె క్లే చేతికి అంటదు, శుభ్రంగా ఉంటుంది. కానీ మన మే నెల ఎండకు మెత్తబడి ఏనుగు కాళ్లు కుంగిపోతాయి. బల్లులకు, పాములకు అయితే అది చాలు.

మట్టి పని మొదలుపెట్టే ముందు పిల్లల్ని వేయిస్తంభాల గుడికి తీసుకెళ్తాను. రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడి. అక్కడి నల్లరాతి నంది ముందు కూర్చోబెట్టి "కాళ్లు ఎక్కడున్నయో చూడండి" అంటాను. నంది కాళ్లు పొట్ట కిందికి ముడుచుకుని కూర్చుని ఉంటుంది. పాలంపేట రామప్ప గుడిలో కూడా నంది కూర్చునే ఉంటుంది. శివుడి ఎదుట నంది అలా కూర్చోవడం ఆనవాయితీ అనుకోండి. కానీ అంత బరువైన ఒంటిని నాలుగు సన్న రాతి కాళ్ల మీద నిలబెట్టే కష్టం కూడా దాంతో తప్పింది కదా అని నాకనిపిస్తుంది. డాబా మీదికి తిరిగొచ్చాక పిల్లలు కూర్చున్న బర్రెలు, పడుకున్న కుక్కలు చేస్తారు. అవి విరగవు. నంది మెడలోని గంటలు చూసి వచ్చినవాళ్లు సన్నటి మట్టి తీగ చుట్టి, ఒక్కో గంటా విడిగా చేసి అద్దుతారు. రామప్ప దూరం కాబట్టి అక్కడికి ఏడాదికి ఒక్కసారే వెళ్తాం. గుడి పీఠం చుట్టూ సాగే ఏనుగుల వరుసను చూస్తూ, అల్లరి పిల్లలు కూడా మాట్లాడకుండా చుట్టూ తిరుగుతారు.

మట్టితో ఇబ్బందులు లేకపోలేదు. నలభై మంది ఉన్న క్లాసురూములో నీళ్లు, బురద, యూనిఫాంలు అంటే టీచరుకు టెన్షన్. అపార్ట్‌మెంట్లలో సింకు పైపు పూడుకుపోతుంది. అందుకే చేతులు ఎప్పుడూ బకెట్లో కడిగించాలి, ఆ నీళ్లు మొక్కలకు పోయాలి. అంత మందికి ఒకేసారి చేయించాలంటే నేను కూడా కాగితానికే ఓటేస్తాను.

తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. "నాకు డ్రాయింగ్ రాదు" అని పిల్లలు మొదటిసారి అనేది దాదాపు ఈ వయసులోనే. తాము గీసినదానికీ నిజం మేకకూ ఉన్న తేడా వాళ్ల కంటికే తెలిసిపోతుంది. సరిగ్గా అప్పుడే పెద్దవాళ్లు చార్టు ఇచ్చో, ఫోనులో వీడియో పెట్టో చూసి గీయమంటారు. చార్టుతో లాభం లేదని అనను. గంటలో నీటైన సింహం తయారవుతుంది, పిల్లలకు ధైర్యం వస్తుంది, ఇంట్లో ఫ్రిజ్ మీద అంటిస్తారు. కానీ ఆ సింహం ఎప్పుడూ ఎడమ వైపుకే చూస్తుంది. కుడి వైపు తిప్పి గీయమంటే చేతులు ఆగిపోతాయి.

అందుకే పక్క గల్లీ నుంచి ఒక మేకను పిలిపించుకుంటాను. తుమ్మకొమ్మ వేస్తే అరగంట నిలుస్తుంది, కానీ కదలకుండా ఉండదు. కాబట్టి ఒక్కో భంగిమకు ఐదారు గీతలే గీయండి, మేక కదిలితే పక్కన ఇంకోటి మొదలుపెట్టండి అని చెబుతాను. ఒక్కో కాగితం మీద పది మేకలు సగం సగం ఉంటాయి. చూడ్డానికి చిందరవందరగా ఉన్నా, పిల్లలు అసలు చూడటం నేర్చుకునేది అక్కడే.

ఓసారి నాలుగో తరగతి బాబు ఒకడు మేక దగ్గరికి వెళ్లి చూసి, "అక్కా, దీని కంట్ల నల్లది అడ్డంగున్నది" అని అరిచాడు. అప్పటిదాకా అందరూ గుండ్రటి చుక్కే పెట్టేవారు. మేక కనుపాప అడ్డంగా, పొడుగ్గా ఉంటుంది. తల దించి మేస్తూనే చుట్టూ ఎవరొస్తున్నారో కనిపెట్టడానికి అది పనికొస్తుంది. పిల్లికైతే పగటి వెలుతురులో నిలువు గీత. తర్వాత వెనక కాళ్ల మీద చర్చ వచ్చింది. మోకాలు వెనక్కి వంగిందని పిల్లలన్నారు. అది మోకాలు కాదు, మడమ. మేక నడిచేది వేళ్ల కొసల మీద. అసలు మోకాలు పొట్ట దగ్గర ఉంటుంది. వెంటనే అందరూ లేచి మునివేళ్ల మీద డాబా అంతా నడిచారు. ఏనుగు మడమ నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దాని వెనక మోకాలు మన మోకాలిలాగే ముందుకు వంగడం కనిపిస్తుంది. ఈ తేడా తెలియక నేను గోడల మీద చాలా ఏళ్లు ఏనుగులకు ఎద్దు కాళ్లు వేశాను.

మేక దొరకనివాళ్లకు హంటర్ రోడ్డులో జూ ఉంది. పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నం అన్నీ నిద్రపోతుంటాయి. మన రాష్ట్ర జంతువు చుక్కల దుప్పినే తీసుకోండి. చుక్కలు ఎక్కడపడితే అక్కడ ఉండవు, వీపు మీదా పొట్ట పక్కనా వరుసలు కట్టి ఉంటాయి. నిలబడి చూస్తేనే అది తెలుస్తుంది. దసరా నాడు వెతుక్కుని చూసే పాలపిట్ట కూడా అంతే. పిల్లలు దానికి నిలువెల్లా నీలం పూస్తారు. తీగ మీద కూర్చున్నప్పుడు ఎద, వీపు గోధుమ రంగులో ఉంటాయి. రెక్క విప్పి ఎగిరినప్పుడే ఆ నీలం తళుక్కుమంటుంది.

రంగులు నింపే పుస్తకాల గురించి ఎక్కువ రాయను. ప్రయాణంలో పిల్లలు కూర్చోవడానికి పనికొస్తాయి.

ఇక మాస్కు. కథల పటాలు గీసే చేర్యాల నకాశీ కళాకారులు చింతగింజల గంజిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో మాస్కులు చేస్తారు, చిన్నవాటికి కొబ్బరి చిప్పను ఆధారంగా తీసుకుంటారు. పైన సుద్ద పూసి, ఆరాక రంగులు వేస్తారు. పిల్లలతో నేను చింతగింజల బదులు మైదా గంజి, పాత పేపర్లు వాడతాను. ఒక్కో పొర ఆరడానికి ఒక రోజు పడుతుంది కాబట్టి ఆదివారం క్లాసుకు కుదరదు, దసరా సెలవులకు సరిపోతుంది. ఒక్క విషయంలో మాత్రం మట్టి, కాగితం దీని ముందు నిలవవు. క్లాసులో నోరు మెదపని పిల్లలు ఎలుగుబంటి మాస్కు పెట్టుకోగానే డాబా దద్దరిల్లేలా అరుస్తారు. మాటకు జంకే పిల్లలుంటే, ఎంత సమయం పట్టినా మాస్కే చేయించండి.

నా పని సంగతికొస్తే లెక్క మారుతుంది. గోడ పనికి చదరపు అడుగు చొప్పున డబ్బులిస్తారు, కాబట్టి వేగం ముఖ్యం. ఫోనులో ఫొటో చూసి, గళ్లు గీసి పెద్దది చేస్తే పని తొందరగా అవుతుంది, పని ఇచ్చినవాళ్లు కూడా "అచ్చం పులే" అని మెచ్చుకుంటారు. సొంత స్కెచ్ పుస్తకం నుంచి వేస్తే రెండింతలు సమయం. చాలాకాలం మొదటి దారే పట్టాను. ఒక బడి గోడ మీద అలాగే పులిని వేసి దిగుతుంటే, ఒకటో తరగతి పాప "దీని ఎనుక కాళ్లు ఏడికి పోయినయ్?" అని అడిగింది. ఫొటోలో అవి గడ్డి చాటున ఉన్నాయి. నేను గడ్డి వేయకుండా వదిలేశాను, కాళ్లు కూడా వదిలేశాను. ఫొటోలో ఉన్నంత మేరకే నకలు చేశాను తప్ప పులి గురించి ఆలోచించలేదు.

అప్పటి నుంచి ఫొటోను రంగులు సరిచూసుకోవడానికే వాడుతున్నాను. గీత మాత్రం స్కెచ్ పుస్తకం నుంచే వస్తుంది, పూత చేర్యాల పటాల నుంచి నేర్చుకున్నాను: చదునైన రంగు, చివర నల్లటి అంచు గీత. గొల్లలకు కాటమరాజు కథ చెప్పే పటాల్లో ఆవులు దూరం నుంచి కూడా ఇట్టే గుర్తుపట్టేలా ఉంటాయి. అంగన్‌వాడీ గోడకు కావలసింది కూడా అదే. మూడేళ్ల పిల్ల గుమ్మంలో నిలబడి ఇది బర్రె, ఇది ఎద్దు అని చెప్పగలగాలి. మెదక్ ప్రాంతపు పల్లె నుంచి వచ్చిన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ బొమ్మల్లోని మేకలను చూసినప్పుడల్లా, మేకల మధ్య పెరిగిన చేయి గీసిన గీత అని నాకు అనిపిస్తుంది. ఫొటో నుంచి అలాంటి గీత రాదు.

పిల్లల క్లాసు మానేసి ఆదివారాలు కూడా గోడలే వేసుకొమ్మని నాకు సలహా ఇచ్చినవాళ్లున్నారు. డబ్బు ఒక్కటే చూస్తే వాళ్లు చెప్పింది నిజం. క్లాసు ఫీజు సామానుకు, టిఫిన్లకు సరిపోతుంది, అంతే. అయినా నేను క్లాసు వైపే ఉంటాను. నిరుడు ఆరేళ్ల పాప ఒకతె మట్టితో బర్రెను చేసింది. పొట్ట నేలకు ఆని, కొమ్ములు ఒంటి కంటే పెద్దవిగా నెలవంకల్లా వంగి ఉన్నాయి. అంత ధీమాగా కూర్చున్న బర్రెను నేను ఎన్నడూ గీయలేదు. పాపను, వాళ్లమ్మను అడిగి, ఆ బర్రెనే ఒక అంగన్‌వాడీ గోడ మీద ఆరడుగుల వెడల్పున వేశాను. కింద పాప పేరు రాశాను. పిల్లల బొమ్మను వాడుకుంటే అడిగి వాడుకోవాలి, పేరు వేయాలి. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

కాబట్టి ఏం కొనాలని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. పిల్లకు పదేళ్లు దాటితే చవక తెల్ల కాగితాలు వంద, రెండు మెత్తటి పెన్సిళ్లు కొనండి, రబ్బరు కొనకండి. ఐదారేళ్లైతే ఏమీ కొనకండి. ఆదివారం మా డాబా మీదికి ఒక గిన్నె తెచ్చుకోండి, నానబెట్టిన చెరువు మట్టి తడి గుడ్డలో చుట్టి ఇస్తాను.