బెదురు గుర్రానికి ఏది మేలు: లాయమా, ఆరుబయలా, తోడా?

పందేలు మానిన గుర్రాన్ని కొని స్వారీ కోసం తోటకు తెచ్చుకున్నవారు మొదటి వారంలోనే, అమ్మినవాడు సాధువని చెప్పాడు గాని ఇది ఆకు కదిలినా ఉలిక్కిపడుతోందని వాపోతుంటారు. అమ్మినవాడు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. పాత చోట దానికి అలవాటైన సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి), మేత వేళలు, పక్క గదిలో ఎరిగిన గుర్రం ఉండేవి. కొత్త చోట అవేవీ లేవు. అందుచేత దాన్ని గదిలో కట్టాలా, బయట వదలాలా, మరో జంతువును తోడు పెట్టాలా అన్నది ముందుగా తేల్చుకోవలసిన విషయం.

గుర్రం వేటాడే మృగానికి దొరకకుండా పరుగెత్తి బతికిన జీవి. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల వెనుక కొద్దిపాటి చోటు తప్ప దాదాపు చుట్టూ కనబడుతుంది. నాలుగు గోడల మధ్య కట్టేస్తే చప్పుడు వినబడుతుంది గాని అది దేనిదో కనబడదు, పారిపోవడానికీ వీలుండదు. పైగా స్వేచ్ఛగా తిరిగే గుర్రం రోజులో సుమారు 16 గంటలు మేస్తుంది. లాయంలో దాణా రెండు మూడు పూటలు పెడితే ఒక్కో పూట అరగంటలో ముగిసిపోతుంది. దాని కడుపులో ఆమ్లం మేతతో నిమిత్తం లేకుండా ఊరుతూనే ఉంటుంది కనుక, గడ్డి తక్కువై గింజలు ఎక్కువైన గుర్రాలకు కడుపులో పుళ్లు పడతాయి, ఆ నొప్పితో చిరాకూ పెరుగుతుంది. ఉదయం తలుపు తీసేసరికి పరచిన గడ్డి గోడ వెంట వలయంలా నలిగి, తొట్టి అంచు పళ్లతో కొరికి నునుపుదేలి ఉంటే, రాత్రంతా ఏం జరిగిందో వేరే చెప్పనక్కరలేదు.

అయినా లాయాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము. గాయపడిన గుర్రానికీ, మే నెల ఎండకూ అదే దిక్కు. కొత్తగా వచ్చిన గుర్రాన్ని గ్లాండర్స్ వంటి అంటువ్యాధుల భయంతో కొన్నాళ్లు విడిగా ఉంచడమూ తప్పదు. అప్పుడైనా దూరం నుంచి మిగతా గుర్రాలు కంటబడేలా గది తలుపు పైభాగం తెరిచి ఉంచాలి.

ఇక ఆరుబయలు. చాలామంది దీన్నే సర్వరోగ నివారిణిగా చెబుతారు, నేను అంత దూరం వెళ్లను. ఒంటరిగా వదిలిన బెదురు గుర్రం మేత మాని, కంచె వెంట పరుగెడుతూ, సకిలిస్తూ, చెమటతో తడిసిపోతుంది. మన పొలాల చుట్టూ ఉండే ముళ్ల తీగ అలాంటి గుర్రానికి పులికంటే ప్రమాదం. పైగా ఎండుగడ్డి నుంచి పచ్చికకు ఒక్కసారిగా మార్చితే కడుపునొప్పి రావచ్చు, వారం పది రోజులు పట్టించి మార్చడం మంచిది.

తోడు సంగతికి అమెరికాలోని సీబిస్కట్ అనే పందెపు గుర్రం ఉదంతమే చాలు. 1936లో ఆ గుర్రం శిక్షకుడు టామ్ స్మిత్ చేతికి వచ్చేనాటికి బక్కచిక్కి, గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. మొదట ఒక మేకను తోడు పెడితే దాన్ని బయటికి విసిరేసింది. తర్వాత పంప్‌కిన్ అనే నిదానమైన గుర్రాన్ని తెచ్చి, గదుల మధ్య గోడ తీసివేసి కలిపి ఉంచితే కుదురుకుంది. 1938 నవంబరు 1న పిమ్లికో పందెపు మైదానంలో సీబిస్కట్ వార్ అడ్మిరల్ అనే మేటి గుర్రాన్ని ఓడించింది. ఆ గెలుపంతా పంప్‌కిన్ చలవేనని అనలేము, స్మిత్ ఓర్పు అంతకు తక్కువేమీ కాదు. కానీ గుర్రం మేత తిని పడుకోవడం మొదలుపెట్టింది తోడు దొరికాకే.

కనుక నా లెక్కలో మొదటి స్థానం తోడుది, రెండోది బయలుది, మూడోది గదిది. చోటు ఇరుకైనా నెమ్మదస్తమైన పెద్ద గుర్రం పక్కన ఉంటే బెదురు తగ్గుతుంది. చోటు ఎంత విశాలమైనా ఒంటరితనం బెదురును పెంచుతుంది. మూడూ కలిసివచ్చే వీలున్నవారు చిన్న కంచెలో తోడుతో మొదలుపెట్టి క్రమంగా విస్తరించవచ్చు. తెలంగాణ, రాయలసీమ వేసవిలో పగలు లాయంలో నీడకు, రాత్రి బయట మేతకు పెట్టడం నప్పుతుంది. అయితే చోటు మార్చినా బెదురు తగ్గకపోతే పళ్లు, కళ్లు, కడుపు పశువైద్యుడికి చూపించాలి.

గుర్రం నిలబడి కునుకు తీయగలదు గాని, గాఢనిద్రలో ఒక దశకు నేల మీద వాలి తీరాలి, ప్రాణభయం ఉన్న చోట అది వాలదు. అందుకే కొత్త గుర్రం దగ్గరికి వెళ్లినప్పుడు ముందుగా దాని పక్కటెముకల మీద మట్టో గడ్డిపరకో అంటుకుని ఉందేమో చూస్తాను.