డేటాబేస్ ఫైళ్లు: డిస్కు డిస్కుకీ మనమే పంచాలా, అన్నీ ఒకే పూల్‌లో వేయాలా? ఏది మేలు?

"సర్వర్‌లో ఆరు డిస్కులున్నాయి. ఏ టేబుల్ ఏ డిస్కులో పెట్టమంటారు?" డేటాబేస్ పని చూసేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. ఇన్నాళ్లూ ఎవరికి వాళ్లకి విడిగా చెబుతూ వచ్చాను. ఈమధ్య నా సర్వర్ కూడా మార్చాల్సి వచ్చి, ఇదంతా మళ్లీ మొదటినుంచీ ఆలోచించాను కాబట్టి ఒకచోట రాస్తున్నాను.

నా ముందున్న దారులు మూడు. టేబుల్‌స్పేస్‌లు (ఏ టేబుల్ ఫైళ్లు ఏ డిస్కులో ఉండాలో డేటాబేస్‌కి చూపించే చోట్లు) పెట్టుకుని ఏది ఎక్కడుండాలో మనమే పంచడం. డిస్కులన్నీ రైడ్ 10గా, అంటే డేటాని ముక్కలుగా డిస్కులకి పంచుతూ (స్ట్రైపింగ్), ప్రతి ముక్కకీ ఇంకో డిస్కులో నకలు ఉంచుతూ (మిర్రరింగ్), ఒకే పూల్‌గా కలిపేసి, పంచే పని దానికే వదిలేయడం. లేదంటే లాగ్ (ప్రతి మార్పునీ డేటాబేస్ ముందుగా రాసుకునే ఫైలు) ఒక్కదాన్ని విడిగా పెట్టి మిగతాదంతా పూల్‌లో వేయడం.

మనమే పంచుకోవడమంటే నాకూ మొదట్లో మోజే. పాత సర్వర్‌లో అలాగే చేశాను. ఆర్డర్ల టేబుల్ ఒక డిస్కులో, దాని ఇండెక్సులు (కావాల్సిన వరస త్వరగా వెతికిపెట్టే సూచికలు) రెండోదానిలో, మిగతా చిన్నాచితకా టేబుళ్లు మూడోదానిలో. పెట్టిన రోజుకి లెక్క సరిగ్గానే ఉంది. రెండేళ్లు తిరిగేసరికి, ఎవరూ పట్టించుకోని ఆడిట్ టేబుల్ అన్నిటికంటే పెద్దదైపోయింది. ఒకరోజు అప్లికేషన్ నత్తనడక నడుస్తోందని ఫోన్లు మొదలయ్యాయి. డిస్కుల వాడకం చూపించే ఐఓస్టాట్ టూల్ పెట్టి చూస్తే మూడో డిస్కు వాడకం 98 శాతం దగ్గర కదలకుండా ఉంది. ఒక్కో రీడ్‌కి 40 మిల్లీసెకన్లు పైనే పడుతోంది. పక్క డిస్కు చూస్తే 3 శాతం. అంత వేగం చేతిలో ఉండీ, కావాల్సిన టేబుల్‌కి అందట్లేదు.

పోనీ ఆ టేబుల్ని జరుపుదామంటే అదింకో తంటా. నేను వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్‌స్పేస్ మార్చే ఆల్టర్ టేబుల్ కమాండ్, ఫైలు మొత్తం కాపీ అయ్యేదాకా ఆ టేబుల్‌కి పూర్తి తాళం వేస్తుంది. రాయడం సరే, చదవడానికి కూడా కుదరదు. అర్ధరాత్రి దాటేదాకా ఆగి, ఆ కాపీ ఎప్పటికి అవుతుందా అని టెన్షన్‌తో కూర్చున్నాను. అప్పటినుంచీ నా మనసు మారింది. రేపు ఏ టేబుల్ మీద భారం పడుతుందో ఇవాళే ఊహించి డిస్కులు కేటాయించడం నావల్ల కాదు. రెండేళ్లు నిలబడే ఊహ చేయగలిగినవాళ్లని నేనింతవరకూ చూడలేదు కూడా.

"ఇండెక్సులు ఒక డిస్కులో, టేబుళ్లు ఇంకో డిస్కులో" అన్న పాత సలహా ఇప్పటికీ వినిపిస్తుంది. క్వెరీ ముందు ఇండెక్స్ పేజీ చదువుతుంది, అక్కడ దొరికిన చిరునామా పట్టుకుని టేబుల్ పేజీకి వెళ్తుంది. ఒకటయ్యాక ఒకటి. మామూలుగా ఆ ఒక్క క్వెరీ కోసం రెండు డిస్కులూ ఒకేసారి కదలవు. ఒకేసారి చాలామంది యూజర్లు ఉంటే భారం కాస్త పంచుకుంటాయి, నిజమే. స్ట్రైపింగ్ ఆ పనిని ఇంకా సమంగా చేస్తుంది. అన్నీ స్ట్రైప్ చేసి, అన్నీ మిర్రర్ చేయమన్నది ఒరాకిల్ ఎప్పటినుంచో చెప్తున్న మాటే.

మరి లాగ్ సంగతి? నేను గీత గీసేది ఇక్కడే. కమిట్ అయిందని, అంటే మార్పు ఖాయమైందని, అప్లికేషన్‌కి చెప్పాలంటే లాగ్ డిస్కు మీదికి చేరాలి. డేటా పేజీలు తర్వాత తీరిగ్గా రాసుకోవచ్చు, లాగ్‌కి ఆ వెసులుబాటు లేదు. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. లాగ్ వరసగా రాసుకుపోతుంది కాబట్టి, డిస్కు దానికొక్కదానికే ఇస్తే, చదివి రాసే హెడ్ ఉన్నచోటే ఉంటుంది. అదే డిస్కులో డేటా రీడ్‌లు కూడా పడితే హెడ్ అటూ ఇటూ పరుగెత్తాలి, ప్రతి కమిట్ దానికోసం ఎదురుచూడాలి. డిస్కులని నడిపే కంట్రోలర్‌లో, కరెంటు పోయినా రాతలు నిలిచేలా బ్యాటరీ ఉన్న క్యాష్ ఉంటే ఈ తేడా కొంత తగ్గుతుంది.

ఎస్‌ఎస్‌డీలో హెడ్ లేదు కదా అంటారు. అక్కడ వేగం లాభం తగ్గుతుంది, ఇంకో కారణం మిగులుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో డేటా ఉన్న చోటు నిండితే ఆ ఇన్సర్ట్ ఫెయిలై ఎర్రర్ ఇస్తుంది, సర్వర్ నడుస్తూనే ఉంటుంది. లాగ్ రాయడానికి చోటు లేకపోతే సర్వరే పడిపోతుంది. రెండూ ఒకే చోట ఉంటే, ఎవరో పెద్ద ఫైలు లోడ్ చేసినా మొత్తం ఆగిపోవచ్చు. ఎస్‌ఎస్‌డీలు నాలుగే ఉంటే డిస్కులు విడదీయక్కర్లేదు, అదే పూల్‌లోంచి లాగ్‌కి వేరే వాల్యూమ్ (విడిగా కేటాయించిన చోటు) ఇస్తే చాలు.

నకలుకి బదులు పారిటీ అనే లెక్క దాచుకునే రైడ్ 5కి చిన్న రైట్ ఒక్కటి వచ్చినా రెండు రీడ్‌లు, రెండు రైట్‌లు అవుతాయి. రాతలు ఎక్కువున్న డేటాబేస్‌కి వద్దు. నకలు లేకుండా స్ట్రైపింగ్ మాత్రమే చేసే ఉత్త రైడ్ 0లో ఒక్క డిస్కు పోతే అన్నీ పోతాయి, దాని గురించి ఇంకేం చెప్పను.

మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ వాడేవాళ్లకి ఒక మాట. ఒకే ఫైల్‌గ్రూప్‌లో (డేటా ఫైళ్ల గుంపులో) ఫైళ్లు ఎక్కువుంటే, ఎవరి దగ్గర ఎంత ఖాళీ ఉందో ఆ నిష్పత్తిలో నింపుతుంది. పాత ఫైళ్లు నిండబోతుండగా కొత్త డిస్కులో ఖాళీ ఫైలు చేరిస్తే, కొత్త డేటా దాదాపు అంతా దానిమీదే పడుతుంది. ఫైళ్లన్నీ మొదటే, సమాన సైజులో పెట్టుకోండి. లాగ్ ఫైళ్లు రెండు పెట్టి లాభం లేదు, ఒకదాని తర్వాతే ఇంకోటి వాడుతుంది.

మనమే పంచడం నేను పూర్తిగా మానలేదు. ఎవరూ ముట్టుకోని పాత సంవత్సరాల పార్టిషన్లని (టేబుల్‌ని విడగొట్టిన భాగాలని) నెమ్మదైన పెద్ద డిస్కులకి పంపడానికి టేబుల్‌స్పేస్ చక్కగా పనికొస్తుంది. అక్కడ ఊహించాల్సిందేమీ లేదు, పాతది పాతదే. అయితే ఆ డిస్కులకీ మిర్రర్ ఉండాలి. ఒక్క టేబుల్‌స్పేస్ పోయినా పోస్ట్‌గ్రెస్ అసలు లేవకపోవచ్చు.

కొత్త సర్వర్‌లో ఆరూ తిరిగే డిస్కులే. రెండు మిర్రర్ చేసి లాగ్‌కి ఇచ్చాను, నాలుగు రైడ్ 10 చేసి డేటాకి. ఇప్పుడు ఐఓస్టాట్‌లో ఆ నాలుగు వరసలూ దాదాపు ఒకేలా కదులుతున్నాయి. బ్యాకప్ స్క్రిప్టు మాత్రం మార్చాల్సి వచ్చింది. లాగ్, డేటా వేర్వేరు వాల్యూమ్‌లలో ఉన్నప్పుడు స్నాప్‌షాట్లు (ఆ క్షణానికి వాల్యూమ్ ఎలా ఉందో దాని నకళ్లు) రెండూ ఒకే క్షణంలో తీయాలి, నా స్టోరేజ్‌లో అది కుదరదు. అందుకని స్నాప్‌షాట్ మానేసి పోస్ట్‌గ్రెస్ సొంత బ్యాకప్ టూల్ పీజీ బేస్‌బ్యాకప్‌కి మారాను. మొన్న వేరే మెషీన్‌లో ఒకసారి రిస్టోర్ చేసి చూశాకే పాత సర్వర్ ఆపాను.