యాంటెన్నా మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏ కోర్ మేలు: 43, 52, 61, 31, లేక ఐరన్ పౌడరా?

అభిరుచిగా నడిపే హామ్ రేడియోలో యాంటెన్నాకూ, ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే కోయాక్స్ కేబుల్‌కూ మధ్య పెట్టే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేటప్పుడు చుట్ల నిష్పత్తిని అందరూ శ్రద్ధగానే లెక్క వేసుకుంటారు. కోర్ మాత్రం చాలాసార్లు చేతికి దొరికినదో, ఏదో బొమ్మలో కనిపించినదో అయిపోతుంది. చుట్ల నిష్పత్తి ఇంపీడెన్స్‌ను (ఏసీ కరెంట్‌కు ఎదురయ్యే మొత్తం అడ్డును) మార్చడం వరకే చేస్తుంది. ట్రాన్స్‌మిటర్ పంపిన శక్తిలో ఎంత యాంటెన్నాకు చేరుతుందో, ఎంత పెట్టెలోనే వేడిగా మారిపోతుందో తేల్చేది కోర్ పదార్థం. శీర్షికలోని 43, 52, 61, 31 సంఖ్యలు ఫెర్రైట్ (ఇనుప ఆక్సైడ్‌తో చేసిన సిరామిక్) కోర్ పదార్థాల రకాలు, వీటినే మిక్స్‌లు అంటారు. అందుకే ఎంపికలో ఎక్కువ శ్రద్ధ దానికి దక్కాలి.

పదార్థాలను పోల్చే ముందు ఆ కోర్‌తో మనం చేయించుకోబోయే పని ఏమిటో తేల్చుకోవాలి. ప్రైమరీ నుంచి సెకండరీకి శక్తి అంతా కోర్‌లోని ఫ్లక్స్ ద్వారానే వెళ్లే మామూలు ట్రాన్స్‌ఫార్మర్ ఒక రకం. 1944లో గ్వానెల్లా వివరించిన ట్రాన్స్‌మిషన్ లైన్ ట్రాన్స్‌ఫార్మర్ మరో రకం. అందులో శక్తి జంట తీగల మధ్య ప్రయాణిస్తుంది, కోర్ ఆ తీగల బయటి కామన్ మోడ్ కరెంట్‌ను (రెండు తీగల్లోనూ ఒకే దిశలో పారేదాన్ని) అడ్డుకుంటుంది, అంతే. మొదటి రకానికి లాస్ తక్కువున్న కోర్ కావాలి. రెండో రకంలో అడ్డుకునే ఇంపీడెన్స్ తగినంత పెద్దదైతే, అందులో రెసిస్టెన్స్ భాగం ఎక్కువగా ఉండడం మేలే చేస్తుంది. ఒకచోట మెచ్చుకున్న మిక్స్‌ను మరోచోట తిట్టడానికి కారణం చాలావరకు ఈ తేడాయే.

ఐరన్ పౌడర్ సంగతి త్వరగా తేలిపోతుంది. ఎర్ర రంగు టీ200-2 కోర్ పర్మియబిలిటీ (అయస్కాంత ఫ్లక్స్‌ను పోనిచ్చే గుణం) 10 మాత్రమే. దాని ఏఎల్ విలువ, అంటే చుట్ల సంఖ్య వర్గంతో గుణిస్తే ఇండక్టెన్స్ ఇచ్చే సంఖ్య, 12 నానోహెన్రీలు. పొడవు నిర్ణయించని తీగ యాంటెన్నాల కోసం 9:1 అన్‌అన్‌ను (రెండు వైపులా అన్‌బ్యాలెన్స్‌డ్‌గా ఉండే ట్రాన్స్‌ఫార్మర్‌ను) ఈ కోర్ మీద మూడు తీగలు కలిపి తొమ్మిది చుట్లు వేసి చేసే పద్ధతి ఎక్కువగా కనిపిస్తుంది. లెక్క చూడండి: 81ని 12తో గుణిస్తే 0.97 మైక్రోహెన్రీ, అంటే 3.5 మెగాహెర్ట్జ్ దగ్గర రియాక్టెన్స్ (ఇండక్టెన్స్ వల్ల ఎదురయ్యే అడ్డు) 21 ఓమ్‌లే. ప్రైమరీ రియాక్టెన్స్ వాడబోయే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర 50 ఓమ్‌లకు నాలుగైదు రెట్లు, అంటే 200 నుంచి 250 ఓమ్‌లు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. అదే పరిమాణంలో ఉన్న ఫెర్రైట్ కోర్ మీద నాలుగు చుట్లతో వచ్చేది టీ200-2 మీద రావాలంటే ముప్పైకి పైగా చుట్లు వేయాలి. అన్ని చుట్లతో లీకేజీ ఇండక్టెన్స్, తీగల మధ్య కెపాసిటెన్స్ పెరిగి పై బ్యాండ్‌లు పాడవుతాయి. కెపాసిటర్‌తో ట్యూన్ చేసే ఒకే బ్యాండ్ సర్క్యూట్‌లో ఐరన్ పౌడర్ చాలా మంచిది, ఎందుకంటే అక్కడ దాని హై క్యూ, అంటే తక్కువ లాస్, ఉపయోగపడుతుంది. అనేక బ్యాండ్‌లకు ఒకే ట్రాన్స్‌ఫార్మర్ అంటే మాత్రం అది సరైన ఎంపిక కాదు.

అసలు పోటీ ఫెర్రైట్‌ల మధ్యే. ఫెయిర్-రైట్ సంస్థ మిక్స్ సంఖ్యల ప్రకారం ప్రారంభ పర్మియబిలిటీ 43కి 800, 52కి 250, 61కి 125. మూడూ నికెల్-జింక్ ఫెర్రైట్‌లే. 49:1 ట్రాన్స్‌ఫార్మర్‌ను తీసుకుందాం. హాఫ్‌వేవ్ తీగను చివర ఫీడ్ చేసేటప్పుడు వచ్చే రెండు మూడు వేల ఓమ్‌ల ఇంపీడెన్స్‌ను 50కి దించడానికి దాన్ని వాడతారు. 61 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఎఫ్‌టీ240-43 (43 మిక్స్ ఉంగరం) మీద రెండు చుట్ల ప్రైమరీ, పద్నాలుగు చుట్ల సెకండరీ బాగా ప్రచారంలో ఉన్న రూపం. రెండు చుట్లకు 4.3 మైక్రోహెన్రీలు వస్తాయి. 7 మెగాహెర్ట్జ్ దగ్గర అది 190 ఓమ్‌లు, ఫరవాలేదు. 3.5 దగ్గర 95 ఓమ్‌లే. మూడు చుట్లు వేస్తే 80 మీటర్ల బ్యాండ్ చక్కబడుతుంది గాని, సెకండరీ 21 చుట్లకు చేరి 28 మెగాహెర్ట్జ్ దగ్గర కష్టమవుతుంది.

ఇక్కడ రెండు దోషాలను విడివిడిగా చూడాలి. రియాక్టెన్స్ తక్కువైతే మ్యాచ్ చెడుతుంది, అది ఎస్‌డబ్ల్యూఆర్ (మ్యాచ్ ఎంత బాగుందో చెప్పే నిష్పత్తి, 1 అయితే పూర్తి మ్యాచ్) మీటర్‌లో కనిపిస్తుంది. కోర్ లాస్ ఎక్కువైతే శక్తి వేడిగా పోతుంది, అది మీటర్‌లో కనిపించదు. పైగా లాస్ ఎస్‌డబ్ల్యూఆర్‌ను మెరుగ్గా చూపిస్తుంది కూడా. 43 మిక్స్‌లో హెచ్‌ఎఫ్ (3 నుంచి 30 మెగాహెర్ట్జ్) ఫ్రీక్వెన్సీల దగ్గర లాస్ భాగం గణనీయంగా ఉంటుంది కాబట్టి అన్ని బ్యాండ్‌లలో 1.5 చూపించే పెట్టెను చూసి సంతోషపడడానికి ముందు దాన్ని కాసేపు నడిపి కోర్ తాకి చూడాలి. 100 వాట్లలో 10 శాతం లాస్ అంటే అర డెసిబెల్ కూడా కాదు, అవతలి స్టేషన్‌కు తేడాయే తెలియదు. కాని ఆ 10 వాట్లూ మూసిన ప్లాస్టిక్ పెట్టెలో ఒక చిన్న ఉంగరంలోనే చేరుతాయి. ఎస్‌ఎస్‌బీలో (మాట పంపే పద్ధతి) మాటల మధ్య విరామం దొరుకుతుంది, ఎఫ్‌టీ8 వంటి డిజిటల్ మోడ్‌లలో పంపుతున్నంతసేపూ దొరకదు. 43 క్యూరీ ఉష్ణోగ్రత (పదార్థం అయస్కాంత గుణం కోల్పోయే వేడి) 130 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త పైన. ఆ దరిదాపుల్లోకి వెళితే పర్మియబిలిటీ కుప్పకూలి, ట్రాన్స్‌మిట్ చేస్తుండగానే ఎస్‌డబ్ల్యూఆర్ ఎగబాకుతుంది. 52కి ఈ పరిమితి 250 డిగ్రీలకు పైన, 61కి 300 డిగ్రీలకు పైన.

అందువల్ల 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) నుంచి పైకి, 100 వాట్లతో ఎక్కువసేపు నడిపేవారికి నా ఓటు 52కే. అదే పరిమాణం 52 కోర్ మీద మూడు చుట్ల ప్రైమరీతో దాదాపు 3 మైక్రోహెన్రీలు వస్తాయి. 7 మెగాహెర్ట్జ్ దగ్గర 132 ఓమ్‌లంటే నియమం కన్నా తక్కువే, కాని లాస్ తక్కువ కనుక మ్యాచ్‌లోని ఆ చిన్న లోపాన్ని ట్యూనర్ సర్దగలదు. వేడిగా పోయిన శక్తిని ఏ ట్యూనరూ తిరిగి తేలేదు. 80 మీటర్లు తప్పనిసరి అయితే, రెండు 43 కోర్‌లను ఒకదానిపై ఒకటి పేర్చి రెండే చుట్లు వేయడం మేలు. ఇండక్టెన్స్ రెట్టింపై, ఫ్లక్స్ సాంద్రత సగమై, వేడి బయటికి పోవడానికి ఉపరితలం కూడా పెరుగుతుంది. 5 వాట్లతో పనిచేసేవారికి వేడి బెడద లేదు, చిన్న 43 కోర్ సరిపోతుంది. ఆ 5 వాట్లలో కొంత దానికి కప్పం కట్టడానికి సిద్ధపడాలి మరి. 20 మీటర్ల బ్యాండ్ (14 మెగాహెర్ట్జ్), ఆపై ఫ్రీక్వెన్సీలు మాత్రమే కావాలంటే 61 అందరికన్నా శుభ్రంగా పనిచేస్తుంది. కింది బ్యాండ్‌లకు అది అడిగే చుట్ల సంఖ్యే దాని బలహీనత.

31 మిక్స్ మాంగనీస్-జింక్ ఫెర్రైట్, పర్మియబిలిటీ 1500. 160, 80 మీటర్లలో కామన్ మోడ్ చోక్‌కు, 1:1 బాలన్‌కు (బ్యాలెన్స్‌డ్ యాంటెన్నాను కోయాక్స్‌కు కలిపేదానికి) అది చాలా మంచిది. ఫ్లక్స్ మోసే ట్రాన్స్‌ఫార్మర్‌కు పనికిరాదు.

లాస్‌ను అంచనా వేసే తేలికైన పద్ధతి ఒకటుంది. ఒకే రకం ట్రాన్స్‌ఫార్మర్‌లు రెండు చుట్టి, సెకండరీలను ఎదురెదురుగా కలిపి, నానోవీఎన్‌ఏతో (చిన్న నెట్‌వర్క్ ఎనలైజర్‌తో) ఒక ప్రైమరీ నుంచి మరో ప్రైమరీకి వచ్చే నష్టం కొలవాలి. రిఫ్లెక్షన్ వల్ల పోయిన భాగాన్ని తీసేసి మిగిలినదాన్ని సగం చేస్తే ఒక్కొక్కదాని లాస్ తెలుస్తుంది.

ఫెర్రైట్ కోర్‌ల మీద చాలాసార్లు ఏ గుర్తూ ఉండదు. తెలియని 61 మిల్లీమీటర్ల కోర్ మీద పది చుట్లు వేసి, కోర్ రంధ్రంలోంచి తీగ ఒకసారి పోతే ఒక చుట్టుగా లెక్కించి, 100 కిలోహెర్ట్జ్ దగ్గర కొలవండి: 107 మైక్రోహెన్రీల దరిదాపుల్లో వస్తే 43, 33 వస్తే 52, 17 వస్తే 61. తయారీలో 20 శాతం వరకు హెచ్చుతగ్గులు మామూలే గాని, ఈ మూడు విలువల మధ్య దూరం ఎక్కువ కాబట్టి పొరపాటుకు ఆస్కారం ఉండదు.